కందాయం మనది, బడి ఎవరిది?

ఏప్రిల్ నెల వచ్చిందంటే మన పేటల్లో రెండే మాటలు. ఒకటి, "కందాయం కట్టేసినారా?" రెండోది, "పిల్లోన్ని ఈసారి ఏ ఇస్కూల్లో వేస్తా ఉండారు?" ఆ నెల లోపల మొత్తం కందాయం కట్టినవాళ్లకు నూటికి 5 రూపాయలు తగ్గింపు ఉంటుంది కాబట్టి సొంత ఇల్లు ఉన్నవాళ్లు పరుగులు పెడతారు. పిల్లలున్నవాళ్లు బడుల చుట్టూ తిరుగుతారు. రెండు మాటలూ ఒకే అరుగు మీద వినిపిస్తాయి. ఈ రెండింటికీ సంబంధం ఏమన్నా ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. ఈ నెల ఆ సంగతే మాట్లాడుకుందాం.

నేను శ్రీరాంపురం పక్కన వఠారంలో పుట్టి పెరిగినదాన్ని. మా నాయన మిల్లులో నేత ఖాతాలో పని చేసినాడు. ఇప్పుడు నా కూతురు చదివే సర్కారు బడి కమిటీలో తల్లిదండ్రుల తరఫున నేనొక సభ్యురాలిని. బడి పేరు రాయను. పేరు ఏదైనా, మన పేటల్లో చాలా బడుల కథ ఇదే.

రసీదులో ఉన్నవి, లేనివి

ముందు కందాయం సంగతి. బెంగళూరులో 2008 నుంచి చదరపు అడుగు లెక్కన కందాయం కట్టే పద్ధతి వచ్చింది. ఊరిని ఏ నుంచి ఎఫ్ దాకా 6 వలయాలుగా విడదీసినారు. మన వలయాన్ని బట్టి చదరపు అడుగుకు నెలకు ఇంత అని రేటు ఉంటుంది. దాన్ని 10 నెలలకు లెక్కేసి, ఇల్లు పాతదైతే కొంత తరుగు తీసేసి, మిగిలినదాంట్లో నూటికి 20 కందాయం. 2016లో ఇళ్లకు ఈ రేటు నూటికి 20 వంతున పెరిగింది.

దాని మీద సెస్సు. 1000 రూపాయల కందాయానికి 240 రూపాయలు సెస్సు వేస్తారు. అందులో 150 ఆరోగ్యానికి, 60 గ్రంథాలయాలకు, 30 బిచ్చగాళ్ల పునరావాసానికి. పాత రసీదు తీసి చూడండి. గ్రంథాలయానికి వాటా ఉంది, బిచ్చగాళ్లకు వాటా ఉంది. బడికి వేరుగా ఒక్క వరస కూడా కనపడదు.

"మాది బాడుగ ఇల్లు, మాకెందుకు ఈ లెక్క?" అని కొందరు అంటారు. 2008 పద్ధతిలో ఓనరు తానే ఉండే ఇంటికి ఒక రేటు, బాడుగకు ఇచ్చిన ఇంటికి దానికి రెండింతల రేటు. ఆ కందాయాన్ని ఓనరు తన జేబులోనుంచి కడతాడా? బాడుగలో కలుపుతాడు. ఒక్క గది వఠారంలో ఉండే మనిషి పేరు ఏ రసీదు మీదా ఉండదు గానీ, అడుగు లెక్కన చూస్తే ఎక్కువ రేటు పడేది ఆ గది మీదే.

మరి బడికి డబ్బు ఎక్కడిది?

మన పేటల్లో సర్కారు బడులు రెండు రకాలు. కొన్ని కార్పొరేషన్ వాళ్లవి. వాటికి కార్పొరేషన్ తన ఖజానాలోనుంచి ఖర్చు పెడుతుంది. ఎక్కువ బడులు రాష్ట్ర విద్యాశాఖవి. వాటిలో అయ్యవార్ల జీతాలు రాష్ట్ర ఖజానా ఇస్తుంది. అంటే మనం కొనే సబ్బుబిళ్ల మీద జీఎస్టీ, సైటు రిజిస్ట్రేషన్ రుసుము, మన ఇళ్ల మగవాళ్లు వైను షాపులో కట్టే పన్ను, ఇవన్నీ కలిసిన డబ్బు. మీ బడి బోర్డు మీద ఎవరి పేరు ఉందో ఒకసారి చదవండి. ఏ కచేరీ మెట్లు ఎక్కాలో దాన్ని బట్టి తెలుస్తుంది.

జీతాలు పోగా, బడి నడవడానికి చేతికి వచ్చేది సమగ్ర శిక్ష పథకం కింద ఏడాదికొక గ్రాంటు. ఇందులో కేంద్రం 60 వంతులు, రాష్ట్రం 40 వంతులు వేస్తాయి. పిల్లల తలలు లెక్కపెట్టి ఈ గ్రాంటు ఇస్తారు. 30 దాటి 100 దాకా పిల్లలుంటే 25,000 రూపాయలు. 100 దాటి 250 దాకా ఉంటే 50,000. 250 దాటి 1000 దాకా 75,000. అందులో కనీసం పదో వంతు శుభ్రతకే ఖర్చు పెట్టాలి.

50,000 అంటే పెద్ద మొత్తంలా వినిపిస్తుంది. 12 నెలలకు పంచితే నెలకు 4,200 కూడా కాదు. కరెంటు బిల్లు, చాక్‌పీసులు, చీపుర్లు, ఫినాయిలు, రిజిస్టర్లు, చెడిపోయిన కొళాయి, విరిగిన బెంచీ, అన్నీ అందులోనే.

అయ్యవార్ల లెక్కా తలలతోనే. విద్యాహక్కు చట్టం ప్రకారం 1 నుంచి 5 తరగతుల దాకా 60 మంది పిల్లలకు ఇద్దరు, 61 నుంచి 90కి ముగ్గురు, 91 నుంచి 120కి నలుగురు. పిల్లలు తగ్గితే, ఎక్కువైన టీచరును వేరే బడికి పంపిస్తారు. టీచరు పోయినాడని ఇంకో నాలుగు ఇళ్లవాళ్లు పిల్లల్ని మానిపిస్తారు. ఒక మెట్టు జారితే తరువాతి మెట్టు దానంతట అదే జారుతుంది.

101 మంది

మా బడిలో ఇప్పుడు 101 మంది పిల్లలు. ఈ అంకె నాకు నిద్రలో కూడా గుర్తొస్తుంది. ఒక్క బిడ్డ టీసీ తీసుకుంటే 100. గ్రాంటు సగానికి సగం పడిపోతుంది. ఒక్క బిడ్డకు 25,000 రూపాయలు.

పోయిన జూన్‌లో కమిటీ కూర్చున్నప్పుడు మాట వచ్చింది. రెండు గదుల కప్పు కారుతా ఉంది. వాన వస్తే మూడో తరగతి పిల్లలు వరండాలో కూర్చుంటారు. ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు సరిగ్గా పడదు. గ్రాంటు కరెంటుకూ శుభ్రతకూ చాలడమే కష్టం. ఒకాయన లేచి, "ఇంటికి నెలకు 100 రూపాయలు చందా వేసుకుందాం" అన్నాడు. నాలుగిళ్లలో గిన్నెలు తోమి మనవరాలిని చదివించే ఒక అవ్వ వెంటనే అందుకుంది.

"నేను బాడుగ కడ్తా ఉండాను నాయనా. బాడుగలో ఓనరు కందాయం కూడా ఉండాది. మళ్లా బడికి చందా ఏంటికి కట్టాల? ఆ కందాయం ఏడికి పోతా ఉండాదో ముందు అది చెప్పు."

ఎవరూ మాట్లాడలేదు. ఆమె అడిగింది తిట్టు కాదు, లెక్క. 2022 అక్టోబరులో సర్కారు కూడా ఇదే దారి పట్టింది. తల్లిదండ్రులు ఇష్టపడితే నెలకు 100 రూపాయల విరాళం తీసుకోవచ్చని ఒక ఉత్తర్వు ఇచ్చి, నలువైపులా గొడవ లేవగానే కొద్ది రోజులకే వెనక్కి తీసుకుంది. ఇష్టం ఉంటేనే అని కాగితం మీద ఉంటుంది. కట్టలేని తల్లి పేరెంట్స్ మీటింగుకు రావడం మానేస్తుంది. ఆ తరువాత బిడ్డ కూడా మానేస్తుంది. చందా పెట్టి కప్పు బాగు చేసుకుని, అవతల ఆ ఒక్క బిడ్డను పోగొట్టుకుంటే మనకు మిగిలేదేమిటి?

మన వీధి పన్ను మన బడికేనా?

అట్లయితే మన కందాయం మన బడికే ఇవ్వమని అడుగుదామని కొందరు కుర్రవాళ్లు అంటారు. వినడానికి న్యాయంగానే ఉంది. ఆ పద్ధతి ఉన్న దేశం ఎట్లుందో చూద్దాం.

అమెరికాలో చాలా చోట్ల బడి డబ్బులో పెద్ద భాగం ఆ ప్రాంతం ఇళ్ల పన్నులోనుంచే వస్తుంది. టెక్సస్ రాష్ట్రంలో శాన్ ఆంటోనియో ఊరు ఉంది. అక్కడ ఎడ్జ్‌వుడ్ అనేది పేదల పేట, అలమో హైట్స్ ఉన్నవాళ్ల పేట. 1960లలో ఎడ్జ్‌వుడ్ వాళ్లు ఇంటి ఖరీదులో ఎక్కువ వంతు పన్ను కట్టినా, ఒక్కో బిడ్డకు తమ పన్నులోనుంచి వచ్చింది 26 డాలర్లే. అలమో హైట్స్ వాళ్లు తక్కువ వంతు కట్టినా వచ్చింది 333 డాలర్లు. ఇళ్ల ఖరీదులోనే అంత తేడా. డెమెట్రియో రోడ్రిగెజ్ అనే రేకుల పని కార్మికుడు, ఇంకొందరు తల్లిదండ్రులు కలిసి 1968లో కోర్టుకు పోయినారు. 1973లో వాళ్ల సుప్రీంకోర్టు 5 మంది జడ్జీలు ఒకవైపు, 4 మంది ఒకవైపుగా తీర్పు చెప్పింది. కార్మికులు ఓడిపోయినారు.

మనకు ఇందులో పాఠం ఉంది. వీధి పన్ను వీధి బడికే అంటే, సదాశివనగర్ బడికి పాలరాయి పడుతుంది, మన వఠారం బడికి రేకు కూడా మిగలదు. మనం అడగాల్సింది ఊరి పన్నులో ప్రతి బడికీ వాటా.

ఊరి పన్ను అంటే ఏమిటో మనకంటే ఎవరికి తెలుసు? మల్లేశ్వరంలో మన పెద్దలు సైరన్ విని పరుగెత్తిన రాజా మిల్లు జాగాలో 2010 నుంచి మంత్రి మాల్ ఉంది. మిల్లు జాగాలు మాల్సూ అపార్టుమెంట్లూ అయినాక వాటి మీద వచ్చే కందాయం వేరే లెక్క. ఆ జాగా విలువ ఒకప్పుడు మన వాళ్ల చెమటతో పెరిగింది. అందులో నాలుగు పైసలు మిల్లు కార్మికుని మనవరాలు కూర్చునే గది కప్పుకు రావాలని అడిగితే అది దానం అడిగినట్టు కాదు.

చట్టం మనకిచ్చిన కాగితం

మినర్వా మిల్లు పేరు లా చదివే పిల్లలందరికీ తెలుసు. 1971లో కేంద్రం ఆ మిల్లు నిర్వాహకాన్ని తీసుకుంది, 1974లో జాతీయం చేసింది. ఆ కేసులో 1980లో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. ప్రాథమిక హక్కులకూ ఆదేశిక సూత్రాలకూ మధ్య సమతూకం మీదే మన రాజ్యాంగం నిలబడి ఉందని దాని సారం. పిల్లలకు ఉచిత చదువు అప్పట్లో ఆదేశిక సూత్రాల్లో, 45వ అధికరణంలో ఉండేది. 2002లో 86వ సవరణతో అది 21ఎ అధికరణంగా హక్కుల్లోకి వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది.

ఆ చట్టంలో 21, 22 సెక్షన్లు మనవి. 21 ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. మొత్తంలో సగం ఆడవాళ్లు ఉండాలి. గ్రాంటు ఎట్ల ఖర్చు అయిందో చూసే అధికారం ఆ కమిటీది. కర్ణాటకలో దాన్నే ఎస్‌డీఎంసీ అంటాం. 22 ప్రకారం ఈ కమిటీ బడి అభివృద్ధి ప్రణాళిక రాయాలి. సర్కారు గానీ స్థానిక సంస్థ గానీ ఇచ్చే గ్రాంట్లకు ఆ ప్రణాళికే ఆధారం కావాలి. అంటే మనం రాసి ఇవ్వని అవసరం పైవాళ్ల లెక్కలోకి రాదు.

అవ్వ మాట తరువాత మేము చందా సంగతి పక్కన పెట్టి ప్రణాళిక రాసినాం. గది కొలతలు, కారే చోట్ల ఫోటోలు, పిల్లల సంఖ్య, తలుపు ఖర్చు, అన్నీ. కన్నడం బాగా వచ్చిన ఒక తల్లి రాసింది, మేమందరం సంతకాలు పెట్టినాం. రాయడం రాని అవ్వ వేలిముద్ర వేసింది. ఒక ప్రతి విద్యాశాఖకు, ఒకటి కార్పొరేషన్‌కు, ఒకటి ఎమ్మెల్యే కచేరీకి ఇచ్చి, ప్రతిదాని మీద ముద్ర వేయించుకున్నాం. ఒక గది కప్పు బాగుపడింది, తలుపు వచ్చింది. రెండో గది ఇంకా కారుతానే ఉంది. ఆ ముద్ర కాగితం పట్టుకుని ప్రతి నెలా ఇద్దరం పోయి అడుగుతా ఉన్నాం.

పాలిక గడువు 2020 సెప్టెంబరులో ముగిసినాక ఏళ్ల తరబడి మన వార్డులకు కార్పొరేటరు లేడు. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ పోయి 5 కార్పొరేషన్లు వచ్చినాయి. ఏ కచేరీ ఎక్కడికి మారిందో వెతుక్కోవడమే ఒక పని. ఇట్లాంటప్పుడు మన చేతిలో మిగిలేది కమిటీ ఒక్కటే.

ప్రైవేటు బడికి పంపిన తల్లిని నేను తప్పు పట్టను. కారే కప్పు కింద బిడ్డను కూర్చోబెట్టాలని ఏ తల్లీ కోరుకోదు. ఒక్క మాట మాత్రం అడుగుతాను. టీసీ తీసుకునే ముందు ఒక్కసారి కమిటీ మీటింగుకు రండి. మీ ఇంట్లో ఉన్న కందాయం రసీదు జిరాక్సు తెండి. బాడుగ ఇల్లయితే బాడుగ చీటీ తెండి. ప్రణాళికతో పాటు అవి కూడా జత చేసి ఇద్దాం. ఈ ఊరికి మేము కూడా పన్ను కడతా ఉన్నామని అధికారుల బల్ల మీద ఒకసారి కనపడాలి.

మీ బడిలో తలలు ఎన్ని ఉన్నాయో ఈ వారం లెక్కపెట్టండి. 30, 100, 250 గీతలకు ఎంత దూరంలో ఉన్నారో చూసుకోండి. మేము గీతకు ఒక్క బిడ్డ ఎగువన ఉన్నాం.