పక్క సీటు కూడా పొరుగే

భావనపాడు నుంచి నౌపడ వైపు బయల్దేరే సర్వీసు ఆటోలో ముగ్గురు పట్టే సీటులో ఐదుగురం కూర్చుంటాం. "కాస్త సద్దుకో బాబూ" అంటే చాలు, లోపలివాళ్లు ఇంకొంచెం ఒదుగుతారు. ఎవరి పిల్లవాడో ఎవరి ఒడిలోనో ఉంటాడు. టెక్కలి చేరేలోగా ఎవరు ఆసుపత్రికి పోతున్నారో, ఎవరు పెళ్లి బట్టలకు పోతున్నారో అందరికీ తెలిసిపోతుంది.

ఇలా పెరిగిన మన పిల్లలే చదువుకో, కూలికో, ఉద్యోగానికో విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై, ముంబై వెళుతున్నారు. వేటకు వెళ్లే మత్స్యకార సోదరులు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతున్నారు. పండక్కి ఇంటికొచ్చినప్పుడు వాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటుంది: "పట్నంలో మనిషి పక్కనే మనిషి కూర్చుంటాడు గానీ పలకరించడు. వాళ్లకి మనసు లేదు."

రోగులకు తోడుగా పెద్ద ఆసుపత్రులకు వెళ్లి వచ్చేటప్పుడు మేమూ చాలాసార్లు అలాగే అనుకున్నాం. నెమ్మదిగా ఆలోచిస్తే ఆ మాటలో సగమే నిజమని తెలిసింది. మిగతా సగం చెప్పడానికే ఈ వ్యాసం.

పట్నం ఎందుకు మాట్లాడదు?

ముందుగా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ముక్కూముఖం తెలియనివాళ్ల ఎదురుగా గంటసేపు మాటా పలుకూ లేకుండా కూర్చోవడం మనిషికి కొత్త అలవాటు. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త గియోర్గ్ జిమ్మెల్ నూరేళ్ల క్రితమే ఈ విషయం గమనించాడు. పందొమ్మిదో శతాబ్దంలో బస్సులు, రైళ్లు, ట్రాములు రాకముందు మనుషులు ఒకరినొకరు చూసుకుంటూ మాట్లాడకుండా అంతసేపు ఉండవలసిన అవసరమే రాలేదని ఆయన రాశాడు.

మన దగ్గరా అంతే. హైదరాబాదులో నిజాం ప్రభుత్వ రైల్వే వారి రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో మొదలైంది. ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు 2003లో వచ్చాయి. మెట్రో 2017 నవంబరులో వచ్చి ఇప్పుడు 57 స్టేషన్లతో సుమారు 69 కిలోమీటర్లు నడుస్తోంది. అంటే నగర ప్రయాణ మర్యాదలు నేర్చుకోవడానికి మనకు దొరికింది మూడు నాలుగు తరాల కాలమే.

ఇక రెండో సంగతి. మన ఆటోలో పదిమంది ఉంటే ఎనిమిది మంది తెలిసినవారే. నగరంలో ఒక మనిషి పొద్దున బయల్దేరి పనికి చేరేలోగా వందల ముఖాలు చూస్తాడు. అందరినీ పలకరించడం ఎవరి తరమూ కాదు. అందుకే అక్కడివాళ్లు ఒక్కసారి చూసి, ఎదుటివాణ్ణి గమనించామన్నట్టు చూపు తిప్పేసుకుంటారు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ దీన్ని కూడా ఒక మర్యాదగానే లెక్కించాడు. "నీ జోలికి రాను, నీవల్ల నాకు భయమూ లేదు" అని మాటల్లేకుండా చెప్పడం అది. ఇరుకులో ఒళ్లు తగులుతున్నప్పుడు కనీసం చూపుతోనైనా ఎదుటివాడికి కాస్త చోటు ఇస్తున్నారన్నమాట.

మాట లేని మంచితనం

పట్నంలో మంచితనం నోటితో కాక చేతులతో పనిచేస్తుంది. కిక్కిరిసిన సిటీ బస్సులో కండక్టరు ఒక చివర, మనం ఇంకో చివర ఉంటాం. టికెట్టు డబ్బులు ముందున్నవాడి చేతికిస్తే, అతను ఇంకొకరికి, వారు మరొకరికి అందిస్తారు. కొంతసేపటికి టికెట్టూ చిల్లరా అదే దారిలో తిరిగి వస్తాయి. చెన్నై బస్సుల్లోనూ, హైదరాబాదు బస్సుల్లోనూ ఇది రోజూ జరిగేదే. మన పది రూపాయలు ఐదారుగురు పరాయివాళ్ల చేతులు దాటుతాయి. వాళ్ల పేరేమిటో, మతమేమిటో, కులమేమిటో మనం అడగం, వాళ్లూ అడగరు. మన తీరంలో వల ఒడ్డుకు లాగేటప్పుడు తాడు ఎందరి చేతులో మారినట్టే ఇదీను.

ముంబై లోకల్ రైళ్లు ఇంకో పాఠం చెబుతాయి. అక్కడ ముగ్గురికని చేసిన బల్ల మీద నలుగురు కూర్చోవడం వాడుక. నాలుగో మనిషికి అంచున కాస్త చోటే దొరుకుతుంది, అయినా ఆ చోటు ఇవ్వనివాడు మొరటువాడన్నట్టే లెక్క. నిలబడ్డవాళ్లు కూర్చున్నవాళ్లను "ఎక్కడ దిగుతారు?" అని ముందే అడిగి వరుస ఖాయం చేసుకుంటారు. ఏళ్ల తరబడి ఒకే పెట్టెలో వెళ్లేవాళ్లు పుట్టినరోజులు చేసుకుంటారు. ఇంటికి తిరిగి వెళ్లే ఆడవాళ్లు రాత్రి వంటకు కూరలు రైల్లోనే తరుక్కుంటారు. 1992లో చర్చిగేట్, బోరివలి మధ్య ఆడవాళ్ల కోసమే ప్రత్యేకంగా ఒక రైలు మొదలైన నగరం అది. అంతటి రద్దీలోనూ స్నేహం పుట్టిందంటే, రోజూ అదే మనుషులు కలుస్తూ ఉండటమే కారణం.

అడగడమే అసలు కష్టం

చోటు అడిగితే పట్నంవాళ్లు ఇస్తారా? 1970లలో అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులను న్యూయార్క్ భూగర్భ రైళ్లలోకి పంపాడు. కారణం ఏమీ చెప్పకుండా, కూర్చున్నవారిని "మీ సీటు ఇస్తారా?" అని అడగడమే వాళ్ల పని. ఎవరూ ఇవ్వరనే అందరూ అనుకున్నారు. తీరా చూస్తే సుమారు 68 శాతం మంది లేచో, జరిగో చోటిచ్చారు. విచిత్రమేమిటంటే, కష్టమంతా అడిగినవాళ్లకే. గొంతు పెగల్లేదనీ, సిగ్గుతో చచ్చినంత పనైందనీ వాళ్లు చెప్పారు. తానే స్వయంగా వెళ్లిన మిల్‌గ్రామ్‌దీ అదే అనుభవం.

2014లో షికాగోకు చెందిన నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ ఇంకో పరిశోధన ప్రకటించారు. రైల్లో వెళ్లేవారిలో కొందరిని పక్కవారితో మాట కలపమన్నారు. కొందరిని ఒంటరిగా కూర్చోమన్నారు. మాట్లాడితే ప్రయాణం ఇబ్బందిగా ఉంటుందని జనం ముందుగా ఊహించారు. కానీ మాట్లాడినవాళ్లే తమ ప్రయాణం హాయిగా సాగిందన్నారు.

ఈ రెండు పరిశోధనలూ చెప్పేది ఒకటే. ఎదుటివాడికి మనసు లేదని మనం అనుకుంటాం, అతనూ మన గురించి అలాగే అనుకుంటాడు. ఇద్దరూ మౌనంగా ఉండిపోతారు. అందుకే కొన్ని దేశాలు అడిగే కష్టాన్ని తగ్గించే ఏర్పాట్లు చేశాయి. జపాన్‌లో 1973లోనే టోక్యో రైళ్లలో వృద్ధులకు వేరే సీట్లు కేటాయించారు. లండన్‌లో 2017 నుంచి, పైకి కనబడని జబ్బు ఉన్నవాళ్లు నోరు తెరిచి అడిగే పని లేకుండా, సీటు ఇవ్వమని కోరే బిళ్ల ధరించవచ్చు. మన బస్సుల్లోనూ మహిళలకు, వృద్ధులకు, దివ్యాంగులకు సీట్ల మీద రాసి ఉంటుంది. ఆ రాత చదివి లేచే మనసు మాత్రం రాత వల్ల రాదు.

ధర్మం ఏం చెబుతోంది?

దివ్య ఖుర్‌ఆన్ అన్‌నిసా సూరా 36వ ఆయతులో ఎవరెవరితో మంచిగా మెలగాలో అల్లాహ్ వివరించాడు. తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, పేదలు, దగ్గరి పొరుగువారు, పరాయి పొరుగువారు అంటూ సాగిన ఆ వరుసలో "పక్కనున్న సహచరుడు" కూడా ఉన్నాడు. ఈ మాటకు వ్యాఖ్యాతల్లో కొందరు జీవిత భాగస్వామి అని అర్థం చెప్పగా, మరికొందరు ప్రయాణంలో తోడున్నవాడు అని చెప్పారు. ఈ రెండో అర్థం తీసుకుంటే గంటసేపు మన పక్క సీటులో కూర్చున్నవాడికీ మనపై హక్కు ఉంది. అతని మతమేమిటన్న షరతు అక్కడ లేదు.

ఒకరిని లేపి ఆ చోట కూర్చోవద్దని, జరిగి చోటు ఇవ్వమని దైవప్రవక్త (సల్లం) బోధించారు. వాహనం మీద వెళ్లేవాడే నడిచేవాడికి ముందుగా సలాం చెప్పాలన్నారు. నవ్వు ముఖంతో ఎదురుపడటమూ, దారిలో ఉన్న అడ్డు తీసేయడమూ సదఖాయే అన్నారు. మన సంస్థ జకాత్, సదఖాలు పోగుచేసి పంచుతుంది. జేబులో పైసా లేనివాడు సిటీ బస్సులో ఇవ్వగలిగిన సదఖా ఇది.

ఖాళీగా మిగిలిన సీటు

ఇక చెప్పడానికి కాస్త కష్టమైన సంగతి. మనలో ఒక యువకుడు ఒక పెద్ద నగరంలో పనిచేస్తున్నాడు. గడ్డం, నెత్తిన టోపీ. ఒక సాయంత్రం రైలు నిండా జనం. అతని పక్క సీటు మాత్రం మూడు స్టేషన్ల దాకా ఖాళీగానే ఉండిపోయిందట. "నన్ను చూసే కూర్చోలేదు" అని అతను మాతో చెప్పినప్పుడు గొంతు పూడుకుపోయింది. ఆ రోజు ఎవరి మనసులో ఏముందో మాకు తెలియదు. అతనికి కలిగిన నొప్పి మాత్రం నిజం. నువ్వు పొరబడ్డావని మేము చెప్పలేకపోయాం.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. చివరికి మమ్మల్ని మేమే ఒక ప్రశ్న వేసుకున్నాం: మనవల్ల కూడా ఎక్కడైనా సీటు ఖాళీగా మిగులుతోందా?

మిగులుతోంది. మన తీరం నుంచి చేపల గంపతో టెక్కలి సంతకు వెళ్లే తల్లి ఆటో ఎక్కితే ముక్కు మూసుకున్నవాళ్లలో మనవాళ్లు లేరా? "వెనక కూర్చో" అని కసురుకున్నవాళ్లలో మనం లేమా? ఆ గంపలోని చేపే మధ్యాహ్నం మన కంచంలో కూర అవుతుంది. సిమెంటు బట్టలతో ఎక్కిన కూలివాడి పక్కన కూర్చోకుండా నిలబడిపోయినవాళ్లం మనలో లేరా? మన పిల్లవాడి పక్క సీటు ఖాళీగా ఉంటే మనకు ఎంత బాధో, ఆ తల్లికీ అంతే బాధ. జిల్లాలో మన సంఖ్య చాలా తక్కువ. ఎక్కువమంది మధ్య తక్కువమందిగా బతికేవాళ్లకు పక్కన చోటు దొరకడం విలువ ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే ఆ చోటు ఇవ్వడంలో మనమే ముందుండాలి.

ఆ యువకుడు ఇప్పుడు ఏం చేస్తున్నాడో చెబుతాం. పెట్టెలో ఎవరైనా పెద్దవాళ్లు నిలబడి కనిపిస్తే తానే పిలుస్తాడు: "ఇటు రండి పెద్దయ్యా, కూర్చోండి." కొందరు వస్తారు, కొందరు రారు. "పిలవడం నా పని, రావడం వాళ్ల ఇష్టం" అంటాడు.

మన పిల్లలకు చెప్పవలసినవి

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. మన అక్కచెల్లెళ్లకు ఇది పెద్ద మేలు. బస్సుల్లో రద్దీ కూడా పెరిగింది. సీటు కోసం మాటా మాటా పెరగడం చూస్తున్నాం. కాబట్టి పట్నం వెళ్లే పిల్లలకు అన్నం మూట కట్టేటప్పుడు ఈ నాలుగు మాటలు కూడా కట్టి పంపుదాం.

దిగేవాళ్లను ముందు దిగనివ్వాలి, తరవాతే ఎక్కాలి. వీపు సంచి తీసి ముందుకు వేసుకోవాలి. నిలబడ్డవారి చేతిలో బరువుంటే మన ఒడిలో పెట్టమని అడగాలి. ఫోన్ శబ్దం పదిమందికీ వినిపించకూడదు. అది సినిమా పాటైనా, ఖుర్‌ఆన్ పారాయణమైనా ఇతరుల చెవుల మీద రుద్దడం మర్యాద కాదు.

మాట కలపాలి గానీ విసిగించకూడదు. ఎదుటివారు పొడిగా ఒక్క మాటతో జవాబిస్తే అక్కడితో ఆపేయాలి. ముఖ్యంగా ఒంటరిగా ప్రయాణించే ఆడపిల్లను మాటల కోసం ఒత్తిడి చేయడం స్నేహం కాదు, వేధింపు. ఆమెకు కాస్త దూరం ఇచ్చి నిలబడటమే మర్యాద. ఎవరైనా ఆమెను ఇబ్బంది పెడుతుంటే చూపు తిప్పుకోకపోవడం కూడా మర్యాదే. స్నేహంగా ఉన్నంత మాత్రాన జాగ్రత్త వదలకూడదు. ముక్కూముఖం తెలియనివాళ్లు ఇచ్చే తినుబండారాలు తినకూడదని రైల్వేవారు చెప్పేది మన మేలుకే.

అవసరమైతే అడగడానికి సిగ్గుపడొద్దు. "మా అమ్మకు ఒంట్లో బాగోలేదు, కాస్త చోటిస్తారా?" అని అడిగితే పట్నంలోనూ లేచేవాళ్లే ఎక్కువని మా అనుభవం. మొదటి సలాం ఎవరు చెబుతారో వారికే పుణ్యం ఎక్కువ.

పెద్ద నగరాలకు వెళ్లే మన పిల్లలు మన సర్వీసు ఆటోలోని ఆ ఒక్క మాట "సద్దుకో బాబూ" మరిచిపోకుండా ఉండాలనీ, మన పక్క సీటు ఎవరి కోసమూ మూసుకుపోకుండా ఉండాలనీ అల్లాహ్‌ను వేడుకుంటున్నాం. ఆమీన్.