టికెట్ మారినా గాలి మారదు

హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డాలస్ వెళ్లాలంటే, ఇక్కడ గడప దాటింది మొదలు అక్కడ పిల్లల ఇంటికి చేరేదాకా ఒక పూర్తి రోజు పైమాటే. దోహా నుంచి డాలస్ దాకా గాల్లో గడిపేదే దాదాపు 16 గంటలు. అందుకే ఉద్యోగాల్లో కుదురుకున్న పిల్లలు అమ్మానాన్నల మోకాళ్లూ నడుమూ తలుచుకుని బిజినెస్ క్లాస్ టికెట్లు తీస్తున్నారు. ఎకానమీ ధరకు అది ఎన్నో రెట్లు. అంత డబ్బు పోసి కొన్న సౌకర్యం ఒంటికి ఏమిస్తుందో, ఏమివ్వలేదో తెలుసుకుని ఎక్కడం మంచిది.

ఇచ్చేది ముఖ్యంగా పడక. బిజినెస్ క్లాస్‌లో పూర్తిగా వెల్లకిలా పడుకునే సీటును బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2000లో తెచ్చింది. తర్వాత పెద్ద కంపెనీలన్నీ అదే దారి పట్టాయి. కుర్చీ వీపు నిలువు నుంచి 40 డిగ్రీలైనా వెనక్కి వాలితేగానీ మంచం మీద పట్టేలాంటి నిద్ర పట్టదని 1980ల్లోనే పరిశోధకులు కొలిచి చెప్పారు. ఎకానమీ సీటు అంత వాలదు. మెడ నిలవదు, తల పక్కకి ఒరుగుతుంది, మెలకువ వచ్చేస్తుంది. నడుము నొప్పి ఉన్న పెద్దవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. స్తోమత ఉంటే వాళ్లకు ఆ టికెట్ కొనడం దండగ అని నేను అనను.

అయితే గాలి అందరికీ ఒకటే. విమానం 35 వేల నుంచి 40 వేల అడుగుల ఎత్తులో పోతున్నప్పుడు లోపలి గాలి పీడనాన్ని నేల మీద ఉన్నంత ఉంచరు. సుమారు 6 వేల నుంచి 8 వేల అడుగుల కొండ మీద ఎంత ఉంటుందో అంతే ఉంచుతారు. విమానం మామూలుగా నడిచేటప్పుడు ఆ లెక్క 8 వేల అడుగులు దాటకూడదన్నది నిబంధన. ఊటీ ఎత్తు 7,300 అడుగుల పైచిలుకు. టికెట్ ఏ తరగతిదైనా, రాత్రంతా ఊటీలో గడిపినట్టే లెక్క.

నేల మీదున్న పీడనాన్నే ఉంచవచ్చు కదా అని అడగవచ్చు. బయట గాలి బాగా పలచన. లోపల పీడనం పెంచేకొద్దీ విమానం గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎగిరిన ప్రతిసారీ ఆ గోడ బెలూన్‌లా ఒకింత ఉబ్బి, దిగాక మళ్లీ సర్దుకుంటుంది. వేల సార్లు అలా జరిగితే లోహం అలిసి పగుళ్లు పుడతాయి. తట్టుకోవాలంటే గోడ మందం, బరువు పెంచాలి. కార్బన్ ఫైబర్‌తో కట్టిన బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350ల్లో ఆ బాధ తక్కువ కాబట్టి పీడనాన్ని 6 వేల అడుగుల స్థాయిలో ఉంచగలుగుతున్నారు. నన్నడిగితే టికెట్ కొనేటప్పుడు సీటు ఫొటోతోపాటు అది ఏ విమానమో కూడా చూడాలి.

ఈ పీడనం ఆట కళ్లారా చూడవచ్చు. భోజనంతో ఇచ్చిన పెరుగు కప్పు రేకు మూత పొంగి బిర్రుగా ఉంటుంది. నీళ్ల సీసా ఖాళీ చేసి, పైన ఉండగానే మూత బిగించి పక్కన పెట్టండి. నేల మీద దిగేసరికి ఎవరో పిడికిట పట్టి పిండినట్టు నొక్కుకుపోతుంది. పేగుల్లోని గాలి కూడా పైన మూడో వంతు దాకా వ్యాకోచిస్తుంది. కడుపుబ్బరానికి వంట ఒక్కటే కారణం కాదు.

పీడనం తగ్గితే గాలిలో ఆక్సిజన్ వాటా అదే 21 శాతం ఉన్నా, రక్తంలోకి దాన్ని నెట్టే బలం తగ్గుతుంది. రక్తంలో ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిమీటర్ నేల మీద 97, 98 శాతం చూపిస్తే, పైన ఆరోగ్యవంతుల్లో కూడా 90 నుంచి 93 దగ్గర ఆగుతుంది. మెలకువగా ఉన్న ఆరోగ్యవంతులకు దాంతో ఇబ్బంది తెలియదు. నిద్రలో ఊపిరి మందగిస్తుంది కాబట్టి అది ఇంకా దిగుతుంది. ఆ నిద్రకు ముందు మద్యం పడితే ఏమవుతుందన్నది జర్మనీ అంతరిక్ష పరిశోధన కేంద్రం వాళ్లు కొలోన్‌లో పరీక్షించి 2024లో ప్రకటించారు. 18 నుంచి 40 ఏళ్ల ఆరోగ్యవంతులు 48 మందిని తీసుకున్నారు. సగం మందిని మామూలు గదిలో, సగం మందిని విమానంలోలా పీడనం తగ్గించిన గదిలో నిద్రపుచ్చారు. ఒక రాత్రి ఏమీ తాగకుండా, ఒక రాత్రి రెండు బీరు డబ్బాలకు సమానమైన మద్యం తాగి పడుకున్నారు. పీడనం తక్కువ గదిలో తాగకుండా పడుకున్నవాళ్ల ఆక్సిజన్ 88 శాతం దగ్గర ఉంది, గుండె నిమిషానికి 73 సార్లు కొట్టుకుంది. తాగి పడుకున్న రాత్రి ఆక్సిజన్ 85కు పడింది, గుండె వేగం 88కి పెరిగింది. ఇది కుర్రవాళ్ల సంగతి. గుండెజబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉన్న 70 ఏళ్ల మనిషి, అడిగినంత వైన్ తెచ్చిపోసే చోట, పడక కూడా సిద్ధంగా ఉన్నచోట, ఆ రెండూ కలపడం మంచిది కాదని ఇంత స్పష్టంగా చెప్పిన ప్రయోగం ఇంకొకటి నాకు కనపడలేదు.

గాలిలో తేమ విషయంలో డబ్బు కాస్త ఎదురు తిరుగుతుంది. బయట మైనస్ 50 డిగ్రీల చలిలో తేమ లేనట్టే. లోపలున్న కొద్దిపాటి తేమలో పెద్ద వాటా ప్రయాణికుల ఊపిరి, చెమటల నుంచి వచ్చేదే. మనుషులు పలచగా ఉన్న ముందు క్యాబిన్‌లో అది ఇంకా తక్కువ. కళ్లు మండటం, ముక్కు ఎండటం అక్కడే ఎక్కువ. కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్లజోడు పెట్టుకోవడం మేలు.

ఎండిన ముక్కు రుచి మీదా దెబ్బ కొడుతుంది. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థ పీడనం తగ్గించిన విమానం గదిలోనే భోజనాలు పెట్టి చూసింది. ఉప్పు, తీపి చప్పబడ్డాయి గానీ పులుపు, చేదు, కారం దాదాపు అలాగే నిలిచాయి. మనవాళ్లు డబ్బాలో కట్టుకెళ్లే పులిహోర, ఆవకాయ అన్నం పైన కూడా రుచిగా ఉండటానికి ఇదే కారణమై ఉండాలి.

ఇక కాళ్లు. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో జనం రాత్రంతా షెల్టర్లలో మడత కుర్చీల్లో కూర్చునేవారు. వాళ్లలో కొందరు కాళ్లలో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తుల్లో అడ్డుపడి హఠాత్తుగా చనిపోతున్నారని కీత్ సింప్సన్ అనే వైద్యుడు గమనించి రాశాడు. అక్కడ విమానం లేదు, కదలకుండా కూర్చోవడం మాత్రమే ఉంది. తర్వాత విమానాల్లో ఇలా గడ్డకట్టడానికి ‘ఎకానమీ క్లాస్ సిండ్రోమ్’ అని పేరు పడటంతో ముందు సీట్లవాళ్లు తమకేం కాదనుకున్నారు. నాలుగు గంటలు దాటిన ప్రయాణం ఏదైనా, బస్సైనా రైలైనా, ఈ ముప్పును దాదాపు రెండింతలు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తేల్చింది. ఆరోగ్యవంతుల్లో అది సుమారు 6 వేల మందిలో ఒకరికి. నిద్రమాత్ర వేసుకుని మెత్తటి పడక మీద ఎనిమిది గంటలు కదలకుండా పడుకున్నా పిక్కల్లో రక్తం నిలుస్తుంది. లేచి నడవాలి, కూర్చున్నా పాదాలు ఆడించాలి.

ఏ సీటూ మార్చలేనిది ఒంట్లోని గడియారం. మెదడులో సుమారు 20 వేల కణాల చిన్న గుంపు దాన్ని నడుపుతుంది. కళ్లలో పడే వెలుగే దానికి తాళం చెవి. తెల్లవారుజామున నాలుగు, నాలుగున్నరకు మన ఒంటి వేడి అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఆ ఘడియకు ముందు వెలుగు పడితే గడియారం వెనక్కి, తర్వాత పడితే ముందుకు జరుగుతుంది. వేసవిలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. మన తెల్లవారుజాము నాలుగున్నర అక్కడ సాయంత్రం ఆరు. దిగిన రోజు మధ్యాహ్నం ఎండలో నడిస్తే గడియారం సరైన దారిలో వెనక్కి జరుగుతుంది. అక్కడ ఎనిమిదిన్నర దాకా పొద్దు ఉంటుంది కదా అని ఏడింటికి షికారుకి వెళ్తే ఎదురు తిరుగుతుంది. ఆ సాయంత్రం ఆరు హద్దును రోజుకు గంట చొప్పున ఆలస్యం చేసుకుంటూ పోవాలి. పూర్తిగా కుదుటపడటానికి పది రోజులు పడుతుంది. మన లోపలి రోజు 24 గంటలకన్నా కొద్దిగా ఎక్కువ కాబట్టి, పడమరకు వెళ్లడం కన్నా తూర్పుకు రావడం చాలామందికి కష్టం.

పిల్లలకు ఒక మాట. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సిమీటర్ ఇంట్లో ఎక్కడో ఉంటుంది. టికెట్ తీసేముందు అమ్మానాన్నలను వేలికి పెట్టుకుని చూడమనండి. నేల మీదే 95 కంటే తక్కువ చూపిస్తున్నా, ఆస్తమా, గుండెజబ్బు, తీవ్రమైన రక్తహీనత ఉన్నా ముందు డాక్టర్‌కు చూపించండి. 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలిని కాసేపు పీల్పించి, పైన ఆ మనిషికి ఎలా ఉంటుందో నేల మీదే తేల్చే పరీక్ష ఉంది. అవసరమైతే విమానంలో ఆక్సిజన్ ఏర్పాటు చేయించుకోవచ్చు, కానీ అది కంపెనీకి ముందుగా చెప్పాలి. ఎక్కాక అడిగితే కుదరదు.