కారునకు గల మూఁడు భారములు



ఊరి వడ్రంగి యెద్దుబండి చేయుట మీలోఁ బెక్కురు కన్నులారఁ జూచినవారే. తుమ్మమాను చేనిగట్టున పెరిగినది. చక్రమున ఆకు విఱిగినచో ఆ యాకొక్కటే మార్చెడివాఁడు. బండి ముదిసిన పిమ్మట కఱ్ఱ పొయ్యిలోనికిని, ఇనుపపట్టా కమ్మరి కొలిమికిని పోయెడివి. పాఱవేయవలసినది మిక్కిలి స్వల్పము.

ఈ పాతలెక్కను కారు విషయమున మరల వేయఁబూనినవారు నెదర్లాండ్సు దేశమందలి ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయ విద్యార్థులు. వీరు టీయూ ఎకోమోటివ్ అను పేరఁ గూడి, పరీక్షార్థము కొత్తతీరు కార్లను నిర్మించుచున్నారు. అవి అంగడి సరకులు కావు, ఆలోచనకు నమూనాలు.

కారువలన భూమికిఁ గలుగు భారము మూఁడు విధములు: పుట్టుకయందొకటి, నడకయందొకటి, చావునందొకటి. పొగగొట్టము లేని విద్యుత్కారు నడకభారమును తగ్గింపఁగలదు. తక్కిన రెండింటి మాట యేమి? అల్యూమినియము తేలికైన లోహమే. కాని దానిని ముడిఖనిజమునుండి తీయుటకు ఉక్కునకంటెఁ జాల నెక్కువ శక్తి వ్యయమగును. తేలికదనముచేత దారిలో మిగిలినదానిలోఁ గొంత పుట్టుకలోనే ఖర్చైనదన్నమాట.

అందుచే వారు 2017లో లీనా అను కారును పైరులనుండి చేసిరి. అవిసెగింజల నిచ్చు మొక్క కాఁడలనుండి నార తీసి పలకలుగా చేసిరి. ఇది అవిసెచెట్టు కాదు, చేలఁ బండు నూనెగింజల అవిసె. తీపి బీటుదుంపనుండి పుట్టిన ప్లాస్టికును తేనెపట్టు గదులవలె మలచి, ఆ పలకల నడుమ నుంచిరి. నలుగురు కూర్చుండు ఆ కారు బరువు సుమారు 310 కిలోలు మాత్రమే. లోపమును లేకపోలేదు: దెబ్బ తగిలినప్పుడు లోహము వంగును, ఇది విఱుగును. ఈ మాట నాఁడు నిర్మాతలే యొప్పుకొనిరి.

2020లో చేసిన లూకా చెత్తనుండి పుట్టినది. సముద్రమునుండి తీసిన ప్లాస్టికును, వాడి పాఱవేసిన సీసాల ప్లాస్టికును అవిసెనారతోఁ గలిపి చట్రము చేసిరి. కూర్చుండు మెత్తలలో కొబ్బరిపీచును గుఱ్ఱపు వెండ్రుకలును కూరిరి.

2022లో వెలువడిన జెమ్ అను కారు నడచునప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును వడపోసి పట్టును. వినుటకు నద్భుతము. లెక్క చూడుఁడు: ఏఁట 20,600 కిలోమీటర్లు నడచినచో అది పట్టునది సుమారు 2 కిలోలు. పది కార్లు కలసి ఒక సామాన్యవృక్షము చేయు పని చేయునని నిర్మాతలే చెప్పిరి. చెట్టు నాటుట సులభము కదా! జెమ్ యొక్క మేలు వడపోతలోకంటె, భాగములను కావలసిన యాకారముననే త్రీడీ ముద్రణచేఁ బొరలు పొరలుగా నిర్మించి తునుకలు మిగులకుండఁ జేయుటయందే యెక్కువ కలదు.

నా యభిప్రాయమున వీనిలో మేలైన యాలోచన 2025లో వచ్చిన ఆరియాది. ఎవరైనను, ఎక్కడనైనను బాగుచేసికొనవచ్చునను నర్థముగల యాంగ్లపదముల తొలియక్షరములే దాని పేరు. బ్యాటరీ ఒకే ముద్దగాఁ గాక ఆఱు విడిభాగములుగా నున్నది. ఒకటి చెడినచో దానినే తీసి మార్చవచ్చును. పనిముట్లు కారులోనే యుండును. విఱిగిన యాకును మాత్రమే మార్చిన మన వడ్రంగి బుద్ధియే యిది. వస్తువెంత పవిత్రమైన పదార్థముతోఁ జేసినను, చిన్న లోపమునకే పెంటపాలగునెడల దాని పుట్టుకకుఁ జేసిన వ్యయమంతయు వృథా. ఆయువు పెంచుటయే అన్నిటికంటె పెద్ద పొదుపు.

నేఁడు మన పల్లెలకును విద్యుద్వాహనములు వచ్చినవి. మీ యింటి కుఱ్ఱవాఁడు ఒకటి కొందునన్నప్పుడు మీరడుగవలసిన ప్రశ్నలు మూఁడు. ఇది దేనితోఁ జేసినది? చెడినచో దగ్గఱలో బాగుచేయువాఁ డెవఁడు? బ్యాటరీ చచ్చినపిమ్మట దాని నెవరు తీసికొందురు? ఈ కడపటి ప్రశ్నకు చట్టబలమును గలదు: వాడిన బ్యాటరీలను సేకరించి పునర్వినియోగమునకుఁ బంపించు బాధ్యత వానిని తయారుచేసినవారిదని 2022 నాఁటి మన దేశపు నియమములు చెప్పుచున్నవి. కావున దానిని చెఱువుగట్టునఁ బడవేయనీయకుఁడు. అమ్మినవానిని నిలదీసి యడుగుఁడు. బేరమునకు ముందే అడుగుట మేలు.