చివరి జట్టులో మిగిలిపోతున్న వాడ

పిల్లల పఠన సామర్థ్యం పెంచేందుకు ప్రభుత్వ పాఠశాలల్లో ఏదో ఒక కార్యక్రమం నడుస్తూనే ఉంటుంది. పద్ధతి ఇంచుమించు ఒకటే. పిల్లలను పరీక్షించి అక్షరాలు, పదాలు, వాక్యాలు, కథ అని స్థాయిలు నిర్ణయిస్తారు. ఆ స్థాయిని బట్టి జట్లు కడతారు. పైకి ఇందులో కులం ప్రసక్తి లేదు. కానీ విశాఖపట్నంలో ప్రాథమిక తరగతులకు బోధిస్తున్న నాకు కనిపించే చిత్రం వేరు. ఏడాది చివరికీ అక్షరాల జట్టులోనే మిగిలిపోయే పిల్లల్లో ఎక్కువ మంది ఒకే వాడవారు. అది పారిశుద్ధ్య కార్మికుల వాడ. ఆ పిల్లలు రెల్లి కులస్థులు.

1933లో ఓడరేవు ప్రారంభమైంది. తరువాత ఉక్కు కర్మాగారం వచ్చింది. పట్టణం నగరమైంది. ఆ నగరాన్ని తరతరాలుగా శుభ్రం చేసిన చేతుల్లో రెల్లి వారివి ముందుంటాయి. రెల్లి ఒడియాకు దగ్గరి భాష. నా విద్యార్థుల్లో పలువురు ఇంట్లో అదే మాట్లాడతారు. వాచకంలోని తెలుగు వారికి రెండో భాష, ఇంగ్లీషు మూడోది. అక్షరాలు కూడబలుక్కుంటారు, అర్థం మాత్రం అందదు. ఇది భాషకు సంబంధించిన చిక్కు. నమోదు పుస్తకంలో అది సామర్థ్య లోపంగా మారుతుంది. లోకం నోట ‘వాళ్లకు చదువు అబ్బదు’ అనే కులతీర్పుగా స్థిరపడుతుంది.

దీనికి పరిష్కారం మన ఉత్తరాంధ్ర చరిత్రలోనే ఉంది. గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకుని, సవరలకు బడులు పెట్టి, వాచకాలు రచించారు. ఆయన జయంతి ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొనే మనం ఆ కృషిని అంతగా తలచుకోము. 2004లో ఉమ్మడి రాష్ట్రం సవర, కువి, కొండ వంటి భాషల్లో బహుభాషా విద్యను ప్రారంభించింది. అది గిరిజనుల కోసం ఉద్దేశించినది. షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండి, నగరంలో నివసించే రెల్లి పిల్లలు దాని పరిధిలోకి రారు. బోధన వీలైనంతవరకు మాతృభాషలో ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. ఆ మాట వారికీ వర్తించాలి కదా!

నా తరగతిలో చేయగలిగింది స్వల్పమే. పిల్లలు ఇంటి భాషలో చెప్పిన కథను తెలుగు లిపిలో గోడపత్రికగా రాసి, పక్కనే తెలుగులో రాస్తున్నాము. ఆ కథ చదివేటప్పుడు రెల్లి విద్యార్థే మిగిలినవారికి అర్థం చెబుతాడు. జట్లను స్థాయిని బట్టి కాక కలగలిపి కడుతున్నాము. మౌనంగా ఉండే పిల్లలు నోరు విప్పుతున్నారు. ‘ఈ మాటను తెలుగులో ఏమంటారు?’ అని వారే అడుగుతున్నారు.

2025లో రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ వర్గీకరణ చేపట్టి, రెల్లి, దాని అనుబంధ కులాలు కలిపి 12 కులాలకు 1 శాతం రిజర్వేషన్ కేటాయించింది. దీర్ఘకాలపు డిమాండుకు దక్కిన ఫలితమిది. అయితే మూడో తరగతిలో కథ చదవలేని బిడ్డ ఆ 1 శాతం వరకు ఎలా చేరుతుంది? రెల్లి మాటలతో తొలి వాచకాలు, ఆ వాడల్లో చదువుకున్న యువతకు బోధన సహాయకులుగా నియామకం, స్థాయి జట్లలో ఏ వాడ పిల్లలు మిగిలిపోతున్నారో ఏటా సమీక్ష — ఈ మూడూ నగర పాలక యంత్రాంగానికి, విద్యాశాఖకు అసాధ్యమైనవి కావు. వర్గీకరణ కోసం గొంతెత్తిన సంఘాలు, విద్యార్థి నాయకులు ఇప్పుడు ఒకటో తరగతి గది వైపు కూడా చూడాలి.