పదకొండు మంది కజిన్లు

మా పెదనాన్న కూతురు ఈమధ్యే ఎం.ఏ. ఆంత్రోపాలజీ పూర్తి చేసింది. ఇంటికొచ్చినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "అంటే డైనోసార్ల గురించా?" రెండోది "దానికి ఉద్యోగాలుంటాయా?" మొదటిదానికి అక్క ఓపిగ్గా "కాదండీ, మనుషుల గురించి" అంటుంది. రెండోదానికి టీ పెట్టే వంకతో లోపలికి వెళ్ళిపోతుంది.

నేనేం తక్కువ తినలేదు. "కోడ్ లేదు, ల్యాబ్ లేదు, అసలు చేసేదేంటక్కా?" అని అడిగా. ఒక తెల్లకాగితం చేతికిచ్చింది. "మన చుట్టాలందర్నీ గీయి. మగవాళ్ళకి త్రిభుజం, ఆడవాళ్ళకి సున్నా. ఎవర్ని ఏమని పిలుస్తావో పక్కన రాయి." నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియం కదా, నేను రాసింది ఇదీ: అంకుల్, ఆంటీ, కజిన్, కజిన్, కజిన్... మొత్తం పదకొండు మంది కజిన్లు. అక్క అన్నీ కొట్టేసి తెలుగులో రాసింది. అప్పుడు తెలిసింది నేనెంత డేటా పారేశానో.

మన వరసల్లో ఉన్నది అచ్చం ఎక్సార్ గేట్. అమ్మా, పెద్దమ్మా ఇద్దరూ ఆడవాళ్ళే. ఒకటే రకం, అంటే 0. పెద్దమ్మ పిల్లలు నాకు అన్న, అక్క. అమ్మా, మావయ్యా: ఒకరు ఆడ, ఒకరు మగ, అంటే 1. వాళ్ళ పిల్లలు బావ, వదిన, మరదలు. నాన్న వైపూ అంతే: బాబాయి కూతురు చెల్లి, మేనత్త కూతురు మరదలు. ఈ 1 వచ్చినచోటే పెళ్ళిళ్ళు కలిపేవాళ్ళు కాబట్టి మేనత్తా అత్తే, పెళ్ళాం తల్లీ అత్తే. (ఇప్పుడు మేనరికం వద్దని డాక్టర్లు చెప్తారు, అది వేరే సంగతి.) ఉత్తరాది రూమ్మేట్‌కి ఇది చెప్తే వాడు రెండ్రోజులు నన్ను అనుమానంగా చూశాడు. వాళ్ళకి మావయ్య కూతురు కూడా చెల్లే!

అమెరికాలో లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే లాయరు దేశదేశాల చుట్టరికాల పేర్లు సేకరించి 1871లో పెద్ద పుస్తకం వేశాడు. అందులో తెలుగు, తమిళం పట్టికలు కూడా ఉన్నాయి. న్యూయార్క్ ప్రాంతపు సెనెకా తెగవాళ్ళ వరసలు మనవాటికి బాగా దగ్గరగా ఉండటం చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. దాన్నిబట్టి వాళ్ళు ఆసియా నుంచే వచ్చారని తేల్చేశాడు గానీ, ఆ వాదన నిలబడలేదు. రెండు పద్ధతుల మధ్య తేడాలున్నాయని తర్వాతివాళ్ళు చూపించారు.

నాకు బాగా నచ్చింది ఇందులోని రికర్షన్. నాన్నకి చెల్లి వరసైతే నాకు అత్త, నాన్నకి మరదలు వరసైతే నాకు పిన్ని. ఇలా ఎంత దూరమైనా లెక్క కట్టొచ్చు. మా నానమ్మ కడుతుంది. ఆవిడకి ఎనభై దాటాయి, పేర్లు మర్చిపోతోంది. మొన్న ఊళ్ళో ఎవరో ఆవిడ వస్తే "ఎవరమ్మాయివి? ఏ ఊరిచ్చారు?" అని అడిగి, ఒక్క నిమిషం ఆలోచించి, నావైపు తిరిగి "నీకు పిన్నవుతుందిరా" అంది. అక్క కాగితం మీద గీసి చూసింది. కరెక్టే.

ఈ సెలవులంతా అక్క నానమ్మ పక్కనే కూర్చుని రాసుకుంటోంది. నాలుగు నోట్‌బుక్కులు నిండాయి. 1970లో స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఎం.ఎన్.శ్రీనివాస్ గారి నోట్స్ మూడు కాపీలూ కాలిపోతే, మైసూరు దగ్గరి పల్లె గురించి ఆయన జ్ఞాపకం మీదే పుస్తకం రాశారని అక్కే చెప్పింది. అది విన్నాక ప్రతి పేజీ ఫొటో తీసి డ్రైవ్‌లో పెట్టే పని నేను తీసుకున్నా.

నిన్న ఫొటోలు తీస్తుంటే నానమ్మ నన్ను కాసేపు చూసి "ఎవరబ్బాయివి?" అంది. నాన్న పేరు చెప్పా.

"అయితే మనవడివే. కూర్చో" అంది.