ఈ వెబ్‌సైట్‌కి డబ్బు ఎవరిస్తున్నారు?

ఈ ఎపిసోడ్‌లో వెబ్‌సైట్లు డబ్బు ఎలా సంపాదిస్తాయో మాట్లాడుకుందాం. సొంతంగా సైట్ పెట్టాలనుకునేవాళ్లకే కాదు, ఫోన్‌లో ఏదో ఒకటి కొనే ప్రతి ఒక్కరికీ ఇది పనికొస్తుంది. ఏ సైట్ ఓపెన్ చేసినా నేను ముందు చూసేది ఒకటే: దీనికి డబ్బు ఎవరిస్తున్నారు?

మొదటిది యాడ్స్. గూగుల్‌లో వెతికితే మన దగ్గర పైసా తీసుకోరు. ఇచ్చేది ప్రకటనదారులు. 2023లో గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ ఆదాయం సుమారు 30,700 కోట్ల డాలర్లు. అందులో మూడొంతుల కంటే ఎక్కువ యాడ్స్‌దే. అంటే ఇక్కడ అమ్ముడయ్యేది మన చూపు, మన టైమ్. మీరు సైట్ పెడితే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. జనం బాగా వస్తేనే యాడ్స్ డబ్బులు గిట్టుబాటవుతాయి.

రెండోది కమీషన్. దీనికి రెడ్‌బస్ మంచి ఉదాహరణ. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మన తెలుగబ్బాయి ఫణీంద్ర సామకి దీపావళికి ఊరెళ్లడానికి బస్ టికెట్ దొరకలేదు. ఆ ఇబ్బందిలోంచే 2006లో ఫ్రెండ్స్‌తో కలిసి రెడ్‌బస్ మొదలుపెట్టారు. బస్సులు ట్రావెల్స్ వాళ్లవి. టికెట్ అమ్మిపెట్టినందుకు వీళ్లకి కమీషన్. సొంత బస్సు అక్కర్లేదు.

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ కూడా దాదాపు ఇంతే. విదేశీ పెట్టుబడి ఉన్న ఈ-కామర్స్ కంపెనీ తన సొంత సరుకుని నేరుగా మనకి అమ్మకూడదని మన దేశంలో రూల్. అందుకే అక్కడ వేరే సెల్లర్ పేరు ఉంటుంది. కొనేముందు ఆ పేరు, రేటింగ్ చూడండి.

మూడోది సబ్‌స్క్రిప్షన్. నెట్‌ఫ్లిక్స్, మన ఆహా లాంటివి. మీరు చూసినా చూడకపోయినా నెలనెలా డబ్బు కట్ అవుతుంది. ఆటోపేలో డబ్బు కట్ అయ్యే ముందు, కనీసం 24 గంటల ముందే మెసేజ్ రావాలని ఆర్‌బీఐ రూల్ ఉంది. ఆ మెసేజ్ చదవకుండా తీసేయకండి. వద్దనుకుంటే మీ యూపీఐ యాప్‌లో ఆటోపేలోకి వెళ్లి రద్దు చేసుకోవచ్చు.

నాలుగోది అఫిలియేట్. 'పదిహేను వేలలో బెస్ట్ ఫోన్లు' అని రాసి, కింద లింకులు ఇస్తారు కదా? ఆ లింక్ నుంచి కొంటే రాసినవాళ్లకి కమీషన్ వస్తుంది. అది తప్పేం కాదు. కానీ ఆ సంగతి చెప్పారా లేదా చూడాలి. ఒక్క రివ్యూ చూసి కొనేయొద్దు.

వికీపీడియాది వేరే దారి. అక్కడ యాడ్స్ ఉండవు, విరాళాలతో నడుస్తుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. కొన్ని సైట్లు పైకి ఒక రేటు చూపించి, డబ్బు కట్టే పేజీలో కొత్త ఛార్జీలు కలుపుతాయి. అడగని ఇన్సూరెన్స్‌కి ముందే టిక్ పెట్టేస్తాయి. ఇలాంటి వాటిని డార్క్ ప్యాటర్న్స్ అంటారు. 2023 నవంబర్‌లో కేంద్రం 13 రకాల డార్క్ ప్యాటర్న్స్‌ని నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. మీకు ఇలా జరిగితే స్క్రీన్‌షాట్ తీసి, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.

సైట్ పెట్టేవాళ్లకి కూడా నేను చెప్పేది ఇదే. డబ్బు ఎలా తీసుకుంటున్నారో కస్టమర్‌కి ముందే చెప్పండి. అలా చెబితేనే మళ్లీ వస్తారు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!