చమురు కన్నా ముందు పుట్టిన పుస్తకాల ఇల్లు

కువైట్ జాతీయ గ్రంథాలయం అరేబియన్ గల్ఫ్ స్ట్రీట్‌లో, నేషనల్ మ్యూజియం పొరుగున ఉంది. సాల్మియా నుంచి సముద్రం ఒడ్డు పట్టుకుని, కువైట్ టవర్స్ దాటి ముందుకెళ్తే వస్తుంది. ఆ దారిన తిరిగే తెలుగువాళ్ల కంటికి అదీ ఒక సర్కారు ఆఫీసులాగే కనిపించవచ్చు. దాని పుట్టుక మాత్రం సర్కారుది కాదు.

1923లో కొందరు కువైటీలు పూనుకుని ‘అల్ మక్తబా అల్ అహ్లియా’ పేరుతో ఒక గ్రంథాలయం తెరిచారు. అహ్లియా అంటే జనం సొంతంగా పెట్టుకున్నది. బుర్గాన్‌లో చమురు పడింది 1938లో, మొదటి ఎగుమతి 1946లో. కాబట్టి ఆ పుస్తకాలు చమురు డబ్బుతో కొన్నవి కావు. అప్పటి కువైట్ ముత్యాల వేట మీద, ఓడ సరుకు మీద బతికింది. బజారులో చెల్లింది కూడా రూపాయే. దినార్ వచ్చింది 1961లో. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం (1901), వేటపాలెంలో సారస్వత నికేతనం (1918) లేచిందీ ఇలా జనం పూనికతోనే. గ్రంథాలయోద్యమం ఎరిగిన తెలుగువాడికి ఈ కథ కొత్తేమీ కాదు.

1936లో కువైట్‌లోని ఆ గ్రంథాలయం విద్యాశాఖ చేతికి వెళ్లింది. ఇళ్లు మారింది, పేర్లు మారింది. చమురు డబ్బు వచ్చాక పేటపేటకీ పౌర గ్రంథాలయాలు వెలిశాయి.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు దేశాన్ని ఆక్రమించాయి. ఏడు నెలలు తిరగకముందే విముక్తి దొరికింది గానీ, ఆలోగా మ్యూజియం, గ్రంథాలయాలు దోపిడీకి గురయ్యాయి. పుస్తకాలు, దస్తావేజులు బాగ్దాద్ దారి పట్టాయి. ఎత్తుకెళ్లిన ఆస్తి తిరిగివ్వాలని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1991 మార్చిలోనే తీర్మానించింది. ముప్పై ఏళ్ల తర్వాత, 2021 మార్చిలో కూడా ఇరాక్ టన్నులకొద్దీ పత్రాలు అప్పగిస్తూనే ఉంది. కాగితానికి ఇంత విలువ ఉందని దోచుకున్నవాడికీ తెలుసన్నమాట.

జాతీయ గ్రంథాలయం ప్రస్తుత రూపంలో 1994లో, అమీరు ఉత్తర్వుతో ఏర్పడింది. వీధి గ్రంథాలయం పని పుస్తకం ఇంటికివ్వడం. దీని పని దాచడం. దేశంలో అచ్చయ్యే పుస్తకాలు, పత్రికల ప్రతులు సేకరించి, జాబితా కట్టి, భద్రపరచాలి. పుస్తకం వెనక అట్ట మీది ఐఎస్‌బీఎన్‌లో 978 తర్వాత 9921 కనిపిస్తే అది కువైట్ ప్రచురణ.

తెలుగు పుస్తకాలకు ఆ దాపు కోల్‌కతాలో ఉంది. 1903లో కర్జన్ తెరిచిన ఇంపీరియల్ లైబ్రరీ 1948 చట్టంతో జాతీయ గ్రంథాలయమైంది. 1954 చట్టం ప్రకారం భారతదేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి ప్రచురణకర్త తన ఖర్చుతో అక్కడికి పంపాలి. చెన్నై, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు తలో ప్రతి వేరే. సాల్మియాలో కూర్చుని రాసిన తెలుగు కథల సంపుటి విజయవాడలో అచ్చయితే, చట్టప్రకారం దాని చోటు కోల్‌కతా బీరువాలోనే.